మా అత్త ఎత్తుకున్న పాట

మా ఇంట్లో బైబిలు ఉట్టిలో ఉంటుంది. వినేవాళ్లు నవ్వుతారు కాని, మండపేటకి దిగువన కాలువ గట్టు కింద తాటాకుల ఇల్లు మాది. వానలు పడితే గోడా చెమ్మే, నేలా చెమ్మే, పెట్టె అడుగున చెదలు. రాజమండ్రి మిషను ఆడపిల్లల బడిలో చదువు ముగించుకుని, పెళ్లయి కాపురానికి వస్తుంటే దొరసానిగారు నా చేతిలో పెట్టిన పుస్తకం అది. దాన్ని చెదలకి అప్పజెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఇల్లంతా వెతికితే చెమ్మ తగలని చోటు ఒక్క ఉట్టే కనబడింది. అందులో మా అత్త ఎండు చేపల ముంత ఉంది. ముంత కిందికి దించి, పుస్తకాన్ని పాత చీర గుడ్డలో చుట్టి పైకెక్కించాను. సాయంత్రానికి చేపలు పిల్లి పాలయ్యాయి. పుస్తకానికి మాత్రం చేపల వాసన ఇప్పటికీ వదల్లేదు.

కొత్త కోడలు వచ్చిన వారానికే చేసిన ఘనకార్యం ఇది. మా అత్త ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. తెల్లారి పొయ్యి రాజేస్తూ తనే అంది: "ఉట్టి దింపవే. నా చేపల కంటే రుచైన మాట అందులో ఏవుందో విందాం." అప్పటినుంచి మా ఇంట్లో బైబిలు చదవడానికి ఉట్టి దించడం అనే పేరు స్థిరపడిపోయింది. ఇది జరిగి ఎంతో కాలం కాలేదు. నేనింకా పడుచుదాన్నే, ఆవిడ ఇంకా పొయ్యి దగ్గరే, ఉట్టి ఇంకా రోజూ దిగుతూనే ఉంది.

బడిలో నేను చదివే తీరు వేరు. పొద్దున గంట కొట్టగానే అందరం వరసగా కూర్చుని తలొక అధ్యాయం చదవాలి. పక్క పిల్ల కంటే ముందు ముగించడమే నా గొప్ప. గడగడా చదివేసి, పుస్తకం మూసి, ఇంకా వేలు పెట్టుకుని చదువుతున్న వాళ్లని జాలిగా చూసేదాన్ని. ఆ గడగడ చదువునే అత్తవారింటికీ తెచ్చాను. మొదటి రోజు నాలుగు మాటలు చదివానో లేదో, మా అత్త ఊదుగొట్టం పక్కన పెట్టి, ఎవరైనా వెంటపడి తరుముతున్నారా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. మా పల్లెలో అక్షరం ముక్క వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. నాకే చదవడం నేర్పుతోందా ఈవిడ అనుకున్నాను. కాని అత్త మాట, ఏం చెయ్యను? నెమ్మదిగా మళ్లీ మొదటినుంచి చదివాను.

నెమ్మదిగా చదివితే ఆవిడకి సందేహాలు పుట్టుకొచ్చేవి. కరువు దేశం నుంచి గింజల కోసం గాడిదలు తోలుకుంటూ పరాయి దేశం వెళ్లిన అన్నదమ్ముల కథ చదువుతుంటే, వాళ్లకి కాలువ తవ్వలేదా అని అడిగింది. లేదన్నాను. అదే మరి, అని తల పంకించింది. ఆనకట్ట కట్టి కాలువలు రాకముందు ఈ చేల మధ్య తామూ అంతేనని, తేగలు ఉడకబెట్టి పెట్టి తల్లి తనని బతికించుకుందని చెప్పుకొచ్చింది. అన్నదమ్ముల కథ ఆ పూటకి అక్కడే ఆగిపోయింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అంటూ పేజీలకి పేజీలు పేర్లు వచ్చినచోట నేను దాటేద్దామని చూస్తే ఒప్పుకోలేదు. ఎవరి కొడుకెవరో తెలియకపోతే ఎలా అంది. అంతా విని, ఇంతమందిని మగవాళ్లే కన్నారా, ఆడవాళ్లు ఏమైపోయారు అని అడిగింది.  బడిలో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు.

నేను ఏదైనా మనసులో పెట్టుకుని రుసరుసలాడుతూ చదివినా ఇట్టే పట్టేసేది. ఓ రోజు నా పెనిమిటితో మాటా మాటా వచ్చి, అదే ఊపులో ఉట్టి దింపి కూర్చున్నాను. కాసేపు విని, నీ గొంతులో పడితే ఏసయ్య కూడా కసురుతున్నట్టు ఉన్నాడే, ముందు మొహం కడుక్కురా అంది. కడుక్కుని వచ్చి చదివాను. నిజమే, వేరే మాటల్లా వినబడ్డాయి.

రోజుకి ఓ పేజీ కూడా నడిచేది కాదు. మొదట్లో విసుగ్గా ఉండేది. తర్వాత్తర్వాత ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు ఉట్టి దింపుతానా అని నాకే ఉండేది. బడిలో ఎన్నిసార్లు చదివినా ఆ అన్నదమ్ములకి నిజంగా ఆకలి వేసి ఉంటుందని నాకు తోచలేదు. మా అత్త పక్కన కూర్చుంటేనే తోచింది. పొయ్యి వెలుగులో ఆ కాసేపు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. పుట్టింటి మీద బెంగ కూడా ఆ కాసేపే మరిచిపోయేదాన్ని.

ఇంత ఇష్టంగా వినే మనిషికి బాప్తిస్మం లేదు. ఏటా కోతలయ్యాక రాజమండ్రి మిషను దొరగారు పడవ మీద కాలువ వెంట వచ్చి, మా పల్లె రేవులో దిగి, ప్రార్థన పాకలో కొత్తవాళ్లని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. జవాబులు చెప్పినవాళ్లకి మర్నాడు బాప్తిస్మం. నా పెళ్లికి ముందటి ఏడు తల్లీ కొడుకూ ఇద్దరూ కూర్చున్నారట. కొడుకు, అంటే నా పెనిమిటి, జవాబులన్నీ చెప్పేశాడు. తల్లి మాత్రం దొరగారు ఏది అడిగినా "చిత్తం బాబయ్యా" అంది. ఆవిడ తప్పేం లేదు. పెద్దవాళ్లు అడిగితే చిత్తం అనాలి, ఇంకో మాట అంటే ఎదురు చెప్పినట్టని చిన్నప్పటినుంచి భూములున్న కామందుల లోగిళ్లలో నేర్చిన మర్యాద అది. విగ్రహాలు వదిలేశావా అంటే చిత్తం. అంతవరకూ బాగానే ఉంది. నిన్ను చేసిందెవరు అన్నా చిత్తమే. నీ రక్షకుడెవరు అన్నా చిత్తమే. దొరగారు నెమ్మదిగానే, వచ్చే ఏటికి నేర్చుకోమ్మా అని పంపేశారట.

బాప్తిస్మం లేనివాళ్లకి ప్రభువు బల్లలో, అంటే రొట్టే ద్రాక్షరసం పంచుకోవడంలో, భాగం లేదు. బల్ల ఉన్న ఆదివారం, పాట అవగానే వాళ్లు లేచి బయట అరుగు మీదకి వెళ్లిపోవాలి. నేను వచ్చాక మొదటి బల్ల ఆదివారం నేనూ నా పెనిమిటీ లోపల ఉన్నాం. మా అత్త బయట ఎవరి పసిపిల్లనో ఒళ్లో వేసుకుని, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. రొట్టె ముక్క నాకు మింగుడు పడలేదు. ఇంటికొచ్చాక ఆవిడ నిష్ఠూరం ఆడలేదు. ఒక్క మాట అంది: "దొరగారు ఈసారి కూడా నన్ను పొమ్మన్నారంటే, ఇంక ఆ పాక కేసి రాను. ఇంట్లో నువ్వు చదువుతావు, నేను వింటాను, చాలు."

మా అత్త మాట అంటే మాటే. ఓ కోడిపెట్ట దగ్గర తేడా వచ్చి సొంత చెల్లెలితో పలకడం మానేసింది. ఆ కోడీ పోయింది, దాని పిల్లలూ పోయాయి, ఈవిడ మాత్రం పలకదు. అందుకే ఆ మాట విని నా పెనిమిటి మొహం పాలిపోయింది. ఎలాగైనా మా అమ్మకి నువ్వే నేర్పాలని నన్ను బతిమాలాడు. ఓస్, అదెంతసేపు అన్నాను నేను.

కూర్చోబెట్టి నేర్పితే ఒక్కటీ నిలవలేదు. ప్రశ్న అడగ్గానే ఆవిడ నోట చిత్తం వచ్చేసేది. నేను నీ కోడల్ని అత్తా, కామందుని కాదు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చిత్తం అని నాలుక కరుచుకునేది. అంతలో కాలువలకి నీళ్లు వదిలారు, ఊడ్పులు వచ్చిపడ్డాయి, ఇద్దరం కూలికి దిగాం.

ఊడుపు చేలో మా అత్త ఇంకో మనిషి. నారు నాటుతూ వరసలో ఒకరు పాట ఎత్తుకుంటారు. తక్కినవాళ్లంతా ఆ ముక్కనే అందుకుని అని, ఓ అడుగు వెనక్కి వేస్తారు. పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా సాగే పాటల్ని మా అత్త ఒక్క ముక్క జారిపోకుండా అందుకునేది. అయితే ఎప్పుడూ అందుకోవడమే. ఎత్తుకోవడానికి గొంతున్నవాళ్లు వేరే ఉన్నారు, నా వల్ల కాదు అనేది. అది చూసి నాకు ఉపాయం తట్టింది. మోకాటి లోతు బురదలో నిలబడి, దొరగారి ప్రశ్నల్నీ జవాబుల్నీ ఊడుపు వరసలో ఎత్తుకున్నాను. నిన్ను చేసిందెవరు అన్నాను. నిన్ను చేసిందెవరు అన్నారు అందరూ. దేవుడే చేశాడు అన్నాను. దేవుడే చేశాడు అన్నారు. మా పాక మొహం ఎన్నడూ చూడని ఆడవాళ్లు కూడా హాయిగా అందుకున్నారు. కామందు గట్టు మీద గొడుగు వేసుకుని కాసేపు విని, ఏ దేవుడైతే ఏంటి, నాటు వంకర పోకుండా ఉంటే చాలన్నాడు.

ఊడ్పులు అయ్యేసరికి మా అత్తకి అన్నీ నోటికి వచ్చేశాయి. ఇంట్లో కూర తరుగుతూ కూడా అవే అనుకునేది. నేను పొంగిపోయాను. పల్లెలో ఆరాధన జరిపించే ఉపదేశిగారు విని, నా తెలివిని తెగ మెచ్చుకున్నారు. అందులో ఉన్న చిక్కు ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కోతల రోజులకి మా పొద్దుటి చదువు పరిగె ఏరుకున్న కోడలి కథ దగ్గరికి వచ్చింది. పరిగె అంటే కోసిన చేలో రాలిపోయిన వెన్నులు. లేనివాళ్లు వాటిని ఏరుకుంటారు. మా వైపు దానికో కట్టుబాటు ఉంది. పనలన్నీ కట్టి మోసుకుపోయేదాకా పరిగెకి వచ్చినవాళ్లు గట్టు మీదే నిలబడాలి. కామందు "దిగండి" అన్నాక గాని చేలో కాలు పెట్టకూడదు. కథలో ఉన్నది మొగుళ్లు పోయిన అత్తా కోడళ్లు. కోడలు పరాయి దేశపు పిల్ల, పొట్ట గడవక పరిగెకి వెళ్తుంది. ఆ చేను కామందు తన కూలీలని పిలిచి, ఆ పిల్ల ఏరుకునే చోట కావాలనే కొన్ని వెన్నులు జారవిడవమని చెప్తాడు. ఆ ముక్క రాగానే మా అత్త మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.

"అలాటి కామందు ఉంటాడేంటే?" అంది.

ఉన్నాడనే రాసుంది అన్నాను. ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసి, తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు తల్లితో పరిగెకి వెళ్లి, ఆకలికి ఆగలేక, దిగమనకముందే చేలోకి దిగిందట. పాలేరు వచ్చి బుట్ట లాక్కుని, ఏరుకున్నవన్నీ పారబోసి, కాలితో మట్టిలోకి తొక్కేశాడట. ఆనాటినుంచి దిగమంటేనే గాని నేను ఎక్కడా కాలు పెట్టనే అంది. ఏడుస్తూ చెప్పలేదు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టే చెప్పింది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కథని ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పినందుకు బడిలో నాకు బహుమానం ఇచ్చారు. ఆ కథకి ఓ గట్టు ఉంటుందని, దాని మీద ఓ చిన్నపిల్ల నిలబడి ఉంటుందని మాత్రం నాకు ఆ పొద్దుటే తెలిసింది.

కోతలయ్యాయి, దొరగారి పడవ వచ్చింది. మర్నాడు పొద్దున్నే పాకలో చాప మీద మా అత్తనీ, మరికొందరు ఆడవాళ్లనీ కూర్చోబెట్టారు. మాతో ఊడ్పుల్లో ఉన్న తక్కిన ఆడవాళ్లు వేడుక చూడటానికి అరుగు మీద చేరారు. మా అత్త తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నేను గోడవారన నిలబడ్డాను. నాకు భయం లేదు. నన్ను ఎప్పుడు మెచ్చుకుంటారా అని ఒకటే ఆత్రం.

దొరగారు మడత కుర్చీలో కూర్చుని, తమ పుస్తకాల తెలుగులో అడిగారు: "నిన్ను చేసినవాడు ఎవడు?"

మా అత్త కళ్లు మూసుకుంది. ఊడుపు వరసలో, "నిన్ను చేసిందెవరూ" అంది. చాప మీదవాళ్లందరూ అదే ముక్క అందుకున్నారు. అని, తరవాతి ముక్క కోసం దొరగారి మొహం కేసి చూశారు.

చేలో ప్రశ్నా నేనే ఎత్తాను, జవాబూ నేనే ఎత్తాను. వాళ్లకి రెండూ ఒకే పాటలో ముక్కలు. ఎత్తినవాళ్లు రెండో ముక్క అంటే గాని వీళ్లు అనరు. పాపం దొరగారికి ఇదేం తెలుసు? సరిగా వినబడలేదనుకుని గట్టిగా అడిగారు. వీళ్లూ గట్టిగానే అన్నారు. ఇంకా గట్టిగా అడిగారు. ఈసారి అరుగు మీది ఆడవాళ్లు కూడా ఉండబట్టలేక అందుకున్నారు. పాక దద్దరిల్లింది. ఉపదేశిగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. 

దొరగారు పుస్తకం మూశారు. కోప్పడలేదు. చిలక పలుకులు నేర్చారు గాని అర్థం ఇంకా రాలేదు, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. మా అత్త కళ్లు తెరిచింది. ఏం తప్పు జరిగిందో ఆవిడకి తెలియకపోయినా, వచ్చే ఏడు అన్న మాట మాత్రం తెలిసింది. చెంగు సర్దుకుని లేచి, ఎవరి కేసీ చూడకుండా గుమ్మం వైపు నడిచింది. ఆ గుమ్మం దాటితే ఆవిడ ఇంక ఎన్నటికీ రాదు. ఆ సంగతి పాకలో నాకూ నా పెనిమిటికీ తప్ప ఎవరికీ తెలియదు.

కొత్త కోడలు పెద్దల ముందు నోరెత్తకూడదు. దొరగారి ముందు అసలే కూడదు. నాకు అవేం గుర్తు రాలేదు. గబగబా వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పు ఆవిడది కాదండి," అన్నాను. "ఎత్తినవాళ్ల వెనక అనడం మా ఊడుపు పాట పద్ధతండి. మీరు ఎత్తారు, ఆవిడ అంది. మీరు ఎత్తకండి. ఆవిణ్ణే ఎత్తమనండి."

 నా పెనిమిటి తల దించుకున్నాడు. దొరగారు నన్ను తేరిపార చూశారు. నవ్వుతారో, నన్ను బయటికి పంపిస్తారో తెలియలేదు. ఆఖరికి కుర్చీలోంచి లేచి నిలబడి, మా అత్తతో అన్నారు: "అమ్మా, నీవే ఎత్తుము. నేను అందుకొనెదను."

 మా అత్త పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఎత్తుకున్న మనిషి కాదు. ఇప్పుడు చిత్తం అందంటే అంతా అయిపోయినట్టే. ఆవిడ నా కేసి చూసింది. నేను సాయం పట్టడానికి లేదు. నేను ఏ ముక్క అందిస్తే ఆ ముక్కే అంటుంది. నోరు బిగబట్టుకుని నిలబడ్డాను.

మా అత్త నేల కేసి చూస్తూ, సన్నటి గొంతుతో ఎత్తుకుంది.

"గట్టు మీద నించున్నానయ్యా."

ఆడవాళ్లు అందుకున్నారు. దొరగారూ అందుకున్నారు. ఆయన నోట్లో అది నిలుచుంటిని అయింది. ఎవరూ నవ్వలేదు.

"చేను నాది గాదు, పంట నాది గాదు."

అందరూ అన్నారు.

"దిగమని ఏసయ్య సెలవిచ్చేడు. దిగేను. ఒడి నిండింది."

ఈ ముక్కలు నేను నేర్పలేదు. పొద్దుటి పూట నేను చదువుతుంటే, అన్నం వారుస్తూ, పుల్లలు ఎగదోస్తూ, ఆవిడ తనలో తను కూర్చుకున్నవి. దొరగారు ఆఖరి ముక్క వెంటనే అనలేదు. గట్టు ఏమిటని ఉపదేశిగారిని అడిగారు. ఉపదేశిగారు పరిగె సంగతి, దిగమనేదాకా ఆగే సంగతి చెప్పారు. అంతా విని, ఆడవాళ్లందరూ అనేశాక, ఆయన ఒక్కరే నెమ్మదిగా ఆ ముక్క అన్నారు. ఇంకో ప్రశ్న అడగలేదు. తక్కిన ఆడవాళ్లని కూడా ఒకరి తర్వాత ఒకరిని ఎత్తుకోమన్నారు.

మర్నాడు కాలువ రేవులో బాప్తిస్మం అయింది. మా అత్త చలికి గజగజలాడుతూ నీళ్లలోంచి వచ్చి, కాలువ ఇంత చల్లగా ఉంటుందని ముందే చెప్పొద్దా అని నా మీద విసుక్కుంది, కాలువని నేనేదో కాచి ఉంచాల్సినట్టు. నా సంతోషం పట్టలేక ఆ తడి చీరతోనే ఆవిణ్ణి వాటేసుకున్నాను. ఊరుకోవే, అందరూ చూస్తున్నారు అంది గాని, విడిపించుకోలేదు.

దొరగారు ఆదివారం దాకా ఉండి బల్ల ఇచ్చారు. పాట అయింది. బాప్తిస్మం లేనివాళ్లు లేచి బయటికి వెళ్లారు. పక్కకి తిరిగి చూస్తే మా అత్త లేదు. అలవాటు చొప్పున వాళ్లతోపాటే వెళ్లిపోయి, అరుగు మీద, గుమ్మం ముందు నిలబడి ఉంది. రమ్మని చెయ్యి ఊపాను. రాలేదు. నా పెనిమిటి పిలిచాడు. తల అడ్డంగా ఊపింది. అలక కాదు, భయమూ కాదు. మనకి తెలిసిందే, ఆవిడ దిగమనేదాకా ఆగే మనిషి.

దొరగారు చూశారు. చేతిలో రొట్టె పళ్లెం బల్ల మీద పెట్టి, మా మధ్యనుంచి నడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్లారు. మా పాకలో లోపలి నేల అరుగు కంటే జానెడు ఎత్తు. లోపలికి రావాలంటే ఎక్కాలి గాని దిగేదేం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"దిగండమ్మా," అన్నారు ఆయన, అచ్చం మా కామందులు అన్నట్టే.

మా అత్త కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని లోపలికి వచ్చింది.